ఆటగాళ్ళు విప్పిన చిక్కుముడులు

2024లో రసాయనశాస్త్ర నోబెల్ బహుమతిని ముగ్గురు పంచుకున్నారు. సగం బహుమతి అమెరికాలోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయానికి చెందిన డేవిడ్ బేకర్‌కు, మిగతా సగం గూగుల్ డీప్‌మైండ్‌కు చెందిన డెమిస్ హసాబిస్, జాన్ జంపర్‌లకు దక్కింది. ముగ్గురిదీ ప్రొటీన్లకు సంబంధించిన పరిశోధనే. అయితే ఈ వార్తలో అంతగా బయటికి రాని సంగతి ఒకటుంది. బేకర్ ప్రయోగశాల 2008లోనే ప్రొటీన్ పరిశోధనను ఒక కంప్యూటర్ ఆటగా మార్చి జనం ముందు పెట్టింది. ఇక హసాబిస్ శాస్త్ర పరిశోధనలోకి రాకముందు వీడియో గేమ్‌లు తయారుచేసేవారు. 1994లో విడుదలైన ‘థీమ్ పార్క్’ అనే ఆట రూపకల్పనలో పాలుపంచుకునేనాటికి ఆయనకు ఇరవయ్యేళ్ళు కూడా నిండలేదు.

మన ఇళ్ళలో మాత్రం ‘ఆన్‌లైన్ గేమ్’ అనే మాట వినగానే పెద్దవాళ్ళ ముఖం మారుతుంది. అందుకు కారణం ఉంది. డబ్బు పెట్టి ఆడే ఆటలను తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు ఆన్‌లైన్ గేమింగ్‌పై చట్టం చేసి, డబ్బుతో ఆడే ఆటలను దేశమంతటా నిషేధించింది. అదే చట్టం ఈ-స్పోర్ట్స్‌ను, విద్య కోసం, వినోదం కోసం ఆడే ఆటలను వేరుగా గుర్తించి ప్రోత్సహిస్తామని కూడా చెప్పింది. అంటే ఆటలన్నీ ఒకటి కావని చట్టమే ఒప్పుకుంది.

మరి మంచి ఆట వల్ల కాలక్షేపం తప్ప ఇంకేమైనా ఒరుగుతుందా? గత పదిహేనేళ్ళలో పరిశోధన పత్రికల్లో వచ్చిన ఫలితాలు ఈ ప్రశ్నకు ఆసక్తికరమైన జవాబు చెబుతున్నాయి.

తెరమీద మడతపడే ప్రొటీన్

ప్రొటీన్ అంటే అమినో ఆమ్లాలను పూసల్లా గుచ్చిన పొడవైన దండ. ఆ దండ జీవకణంలో తయారవుతూనే తనంతట తాను మడతపడి ఒక కచ్చితమైన ఆకారానికి వస్తుంది. ఆ ఆకారాన్ని బట్టే అది చేసే పని ఉంటుంది. రక్తంలో ప్రాణవాయువును మోసే హిమోగ్లోబిన్ అయినా, అన్నాన్ని అరిగించే ఎంజైమ్ అయినా ఆకారం చెడితే పని చెడుతుంది. పూసల వరుస తెలిసినంత మాత్రాన మడత తెలియదు. ఒక చిన్న ప్రొటీన్ మడతపడగల తీరులన్నింటినీ ఒక్కొక్కటిగా పరీక్షించాలంటే విశ్వం వయసు కూడా చాలదు.

ఈ లెక్కలు చేయడానికి బేకర్ బృందం ‘రొసెట్టా’ అనే ప్రోగ్రామ్ రాసింది. ఒక్క ప్రయోగశాలలోని కంప్యూటర్లు సరిపోక, 2005లో ‘రొసెట్టా ఎట్ హోమ్’ పేరుతో ప్రపంచంలోని మామూలు జనం తమ ఇంటి కంప్యూటర్లను ఖాళీగా ఉన్నప్పుడు ఈ పనికి అప్పగించే ఏర్పాటు చేసింది. లెక్క సాగుతుండగా తెరమీద ప్రొటీన్ బొమ్మ మెలికలు తిరుగుతూ కనిపించేది. దాన్ని చూస్తూ కూర్చున్నవాళ్ళలో కొందరు ‘కంప్యూటర్ తప్పు వైపు తిప్పుతోంది, మా చేతికిస్తే ఇంతకంటే బాగా మడుస్తాం’ అని పరిశోధకులకు రాయడం మొదలుపెట్టారు.

ఆ మాటను శాస్త్రవేత్తలు కొట్టిపారేయలేదు. అదే విశ్వవిద్యాలయంలో కంప్యూటర్ గ్రాఫిక్స్, ఆటల మీద పనిచేసే జోరన్ పొపోవిచ్, సెత్ కూపర్ తదితరులతో కలిసి 2008 మేలో ‘ఫోల్డ్‌ఇట్’ అనే ఆటను విడుదల చేశారు. తెరమీద ఒక ప్రొటీన్ ఉంటుంది. ఆటగాడు దాన్ని మౌస్‌తో లాగవచ్చు, తిప్పవచ్చు, ఒక భాగాన్ని కదలకుండా బిగించి మిగతాది సర్దవచ్చు. నీటిని ఇష్టపడని భాగాలను లోపల దాచాలి. ఖాళీలు మిగలకూడదు, రెండు భాగాలు ఢీకొనకూడదు. అమరిక ఎంత స్థిరంగా ఉంటే అంత స్కోరు. ఆడేవాళ్ళకు జీవరసాయనశాస్త్రం తెలియనక్కరలేదు.

గుంటలో ఆగిన నీరు

ఈ ఆటలో మనుషులు ఎక్కడ యంత్రాన్ని మించారో అర్థం కావాలంటే వాన నీటిని తలచుకోవాలి. గట్టుమీద పడిన నీరు పల్లానికి పారుతుంది. దారిలో చిన్న గుంట ఎదురైతే అక్కడే ఆగిపోతుంది. కొంచెం అవతల పెద్ద చెరువు ఉన్నా, అక్కడికి చేరాలంటే ముందు గుంట అంచు ఎక్కాలి. నీరు ఆ పని చేయలేదు. కంప్యూటర్ ప్రోగ్రామ్ కూడా తరచుగా ఇలాగే ఒక ఫరవాలేదనిపించే అమరిక దగ్గర చిక్కుకుపోతుంది. అక్కడినుంచి ఏ చిన్న మార్పు చేసినా స్కోరు తగ్గుతుంది కాబట్టి ముందుకు కదలదు.

మనిషి అలా కాదు. ‘ఈ కొస మొత్తం తప్పు, విప్పి మళ్ళీ మడవాలి’ అనిపిస్తే స్కోరు ఒక్కసారిగా పడిపోయినా లెక్కచేయడు. 2010లో నేచర్ పత్రికలో వచ్చిన పరిశోధన పత్రం ఈ సంగతినే చూపించింది. భారీ మార్పులు అవసరమైన పజిళ్ళలో ఆటగాళ్ళు రొసెట్టాను మించారు. ఆ పత్రం రచయితల్లో 57 వేలకు పైగా ఆటగాళ్ళను కలిపి ఒక్క పేరుగా చేర్చారు.

అసలు పరీక్ష 2011లో వచ్చింది. కోతుల్లో ఎయిడ్స్‌ను పోలిన జబ్బు కలిగించే మేసన్-ఫైజర్ వైరస్‌లో ప్రొటియేజ్ అనే ఎంజైమ్ ఉంది. వైరస్ పెరగాలంటే ఇది కావాలి. హెచ్‌ఐవీలోనూ ఇలాంటి ఎంజైమే ఉంది, దాన్ని అడ్డుకునే మందులు ఇప్పటికే వాడుకలో ఉన్నాయి. కోతి వైరస్‌లోని ఎంజైమ్‌కు ఎక్స్-కిరణాల ప్రయోగ సమాచారం చేతిలో ఉన్నా, దానికి సరిపడే నమూనా దొరకక పదేళ్ళకు పైగా నిర్మాణం తేలలేదు. ఫోల్డ్‌ఇట్‌లో పజిల్‌గా పెట్టాక మూడు వారాల్లో ‘కంటెండర్స్’ అనే జట్టు ఇచ్చిన నమూనా ప్రయోగ సమాచారంతో సరిపోయింది. ఒకరు తెచ్చిన అమరికను మరొకరు అందుకుని సవరిస్తూ జట్టుగా సాధించిన ఫలితమది. పరిశోధన పత్రంలో రచయితల వరుసలో ఆ జట్టు పేరు కూడా చేరింది.

ఆటగాళ్ళ తెలివి చేతివాటంతో ఆగలేదు. తమ ఎత్తుగడలను చిన్న ప్రోగ్రామ్‌లుగా రాసుకుని పంచుకునే వీలు ఆటలో ఉంది. వీటిని ‘రెసిపీలు’ అంటారు. ఊరగాయ పట్టే పద్ధతి ఇంటింటికీ మారినట్టు, ఒకరి రెసిపీని మరొకరు తమ అనుభవం కొద్దీ మార్చుకున్నారు. అలా వాడుకలోకి వచ్చిన ‘బ్లూ ఫ్యూజ్’ అనే రెసిపీని పరిశీలించిన శాస్త్రవేత్తలు ఆశ్చర్యపోయారు. తాము విడిగా తయారుచేసి ఇంకా ప్రచురించని ఒక పద్ధతికి అది చాలా దగ్గరగా ఉంది.

స్కోరును నమ్మితే చాలదు

ఇంతవరకూ బాగానే ఉంది. కానీ పరిశోధనను ఆటగా మార్చడంలో అసలు కష్టం స్కోరు దగ్గరే ఉంది. ప్రకృతి నియమానికి, తెరమీది అంకెకు మధ్య చిన్న సందు ఉన్నా ఆటగాళ్ళు దాన్ని పట్టేస్తారు.

ఉన్న ప్రొటీన్‌ను మడవడం కాక, ప్రకృతిలో లేని కొత్త ప్రొటీన్‌ను రూపొందించమని ఫోల్డ్‌ఇట్ ఆటగాళ్ళను అడిగినప్పుడు అదే జరిగింది. మొదట్లో వచ్చిన నమూనాలకు స్కోరు ఘనంగా ఉన్నా, అవి నిజమైన ప్రొటీన్లలా లేవు. శాస్త్రవేత్తలు ఆ నమూనాలను చూసి లోపం ఎక్కడుందో గుర్తించి కొత్త నిబంధన చేర్చారు. ఆటగాళ్ళు మరో సందు కనిపెట్టారు. మళ్ళీ సవరణ. ఇలా కొన్ని విడతలు సాగాక నమూనాలు నాణ్యంగా రావడం మొదలైంది. 2019లో నేచర్‌లో ప్రచురించిన వివరాల ప్రకారం ఆటగాళ్ళ నమూనాల్లో 146ను ప్రయోగశాలలో తయారుచేసి చూడగా 56 స్థిరంగా మడతపడ్డాయి. ప్రకృతిలో అంతవరకు కనిపించని మడత కూడా వాటిలో ఒకటుంది.

ఇందులో శాస్త్రవేత్తలకు కూడా ఒక పాఠం ఉంది. ఆటగాళ్ళు పట్టుకున్న ప్రతి సందూ, తమ లెక్కలో ప్రకృతికి సరిపోని చోటును ఎత్తిచూపించింది.

ఇదే దారిలో 2011 నుంచి నడుస్తున్న ‘ఎటెర్నా’ మరో అడుగు వేసింది. స్టాన్‌ఫర్డ్, కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయాల పరిశోధకులు తయారుచేసిన ఈ ఆటలో ఆర్‌ఎన్‌ఏ అణువులను రూపొందించాలి. మంచి నమూనాలను ప్రయోగశాలలో నిజంగా తయారుచేసి పరీక్షిస్తారు. ఆ ఫలితమే ఆటగాడి స్కోరు. అంటే ఇక్కడ తీర్పు చెప్పేది కంప్యూటర్ లెక్క కాదు, పరీక్షనాళిక. కొవిడ్ కాలంలో ఈ ఆటగాళ్ళు త్వరగా చెడిపోని మెసెంజర్ ఆర్‌ఎన్‌ఏ రూపాల మీద పనిచేశారు. గడ్డకట్టే చలిలో దాచాల్సిన టీకాలను ఎండలు మండే పల్లెలకు చేర్చడం ఎంత కష్టమో తెలిసిన దేశాలకు ఈ ప్రశ్న ముఖ్యమైనది.

ప్రతులు పోల్చినట్టు

ఫోల్డ్‌ఇట్, ఎటెర్నాలు శాస్త్రం కోసమే పుట్టిన ఆటలు. వాటిని వెతుక్కుంటూ వచ్చేవారు కొందరే. మరి కోట్లమంది ఇప్పటికే ఆడుతున్న వినోదపు ఆటలోనే పరిశోధనను కలిపితే? కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయానికి చెందిన జెరోమ్ వాల్డిస్‌పూల్ బృందం ఈ ప్రయోగం చేసింది. ‘బోర్డర్‌ల్యాండ్స్ 3’ అనేది తుపాకులు పేల్చుకుంటూ సాగే ప్రసిద్ధమైన ఆట. 2020 ఏప్రిల్‌లో అందులోని ఒక శాస్త్రవేత్త పాత్ర ప్రయోగశాలలో చిన్న ఆట యంత్రం ప్రత్యక్షమైంది. నాలుగు రకాల ఇటుకలు నిలువు వరుసల్లో పేర్చి ఉంటాయి. మధ్యమధ్య ఖాళీ ఇటుకలు చొప్పించి, ఒకే రకం ఇటుకలు ఒకే అడ్డవరుసలోకి వచ్చేలా సర్దాలి. గెలిస్తే అసలు ఆటలో వాడుకునే బహుమతులు వస్తాయి.

ఆ ఇటుకలు మనిషి పేగుల్లో బతికే సూక్ష్మజీవుల జన్యు అక్షరాలు. ఈ జీవుల్లో ఏది ఏ వంశానిదో తెలియాలంటే వాటి జన్యు వరుసలను పక్కపక్కన పెట్టి పోల్చాలి. తాళపత్ర గ్రంథాలను పరిష్కరించే పండితులు చేసే పని ఇలాంటిదే. ఒకే కావ్యానికి పది ప్రతులు దొరుకుతాయి. ఒక లేఖకుడు ఒక అక్షరం వదిలేసి ఉంటాడు, మరొకడు ఒకటి కలిపి ఉంటాడు. వదిలిన చోట ఖాళీ ఉంచి ప్రతులను వరుసగా సర్దితే ఏ ప్రతికి ఏది మూలమో తెలుస్తుంది. జన్యువుల్లోనూ తరతరాలుగా అక్షరాలు రాలిపోతుంటాయి, చేరుతుంటాయి. రెండు వరుసలైతే కంప్యూటర్ సులువుగా సర్దుతుంది. లక్షల వరుసలను ఒకేసారి సర్దాలంటే అడ్డదారులు తొక్కక తప్పదు, తప్పులూ దొర్లుతాయి.

2024లో నేచర్ బయోటెక్నాలజీలో వచ్చిన ఫలితాల ప్రకారం 40 లక్షలకు పైగా ఆటగాళ్ళు 13 కోట్ల 50 లక్షలకు పైగా పజిళ్ళు సాధించారు. వాటి సాయంతో పది లక్షల సూక్ష్మజీవి జన్యు వరుసలను సర్ది, వాటి వంశవృక్షాన్ని మెరుగుపరిచారు. ఆటగాళ్ళలో చాలామంది ఆ రోజు పరిశోధన చేద్దామని కూర్చున్నవారు కారు. ఆడుకుందామని కూర్చున్నవారే. పరిశోధన ఆటగాడి దగ్గరికి వెళ్ళడమే ఇందులోని కిటుకు.

నావ నడిపిన దారులు

పై ఆటల్లో మనుషులు ఏదో ఒక చిక్కును విప్పారు. ‘సీ హీరో క్వెస్ట్’లో మాత్రం పరిశోధనకు వస్తువు ఆడేవాళ్ళే. 2016లో విడుదలైన ఈ మొబైల్ ఆటలో పటాన్ని కాసేపు చూసి గుర్తుపెట్టుకుని, ఆ తర్వాత నావను వరుసగా గమ్యాలకు నడపాలి. అల్జైమర్స్ వ్యాధిలో తెలిసిన చోట దారి తప్పడం తొలి లక్షణాల్లో ఒకటి. కానీ ఏ వయసులో ఎంతవరకు దారి తడబడటం మామూలు, ఎక్కడినుంచి జబ్బు అని చెప్పాలంటే ముందు ఆరోగ్యవంతుల కొలత కావాలి. లండన్ యూనివర్సిటీ కాలేజీకి చెందిన హ్యూగో స్పైయర్స్ తదితరులు ఆ కొలత కోసం ఈ ఆటను రూపొందించారు. 40 లక్షలమందికి పైగా ఆడారు. ప్రయోగశాలలో వందమందిని పోగుచేయడమే కష్టమైన రంగంలో ఇది ఊహకందని సంఖ్య.

2022లో ఈ సమాచారంలోంచి ఒక ఫలితం వెలువడింది. 38 దేశాలకు చెందిన దాదాపు 4 లక్షలమంది ఆటను పరిశీలిస్తే, నగరాల బయట పెరిగినవారు సగటున దారి బాగా పట్టారు. గళ్ళ నోటుపుస్తకంలా తిన్నని వీధులున్న నగరాల్లో పెరిగినవారిలో ఈ తేడా ఎక్కువ. వంకర సందులు, పొలం గట్లు, చెరువు కట్టల మధ్య తిరిగిన బాల్యం పెద్దయ్యాక కూడా మెదడులో గుర్తు మిగుల్చుతుందన్నమాట. మరో చిన్న అధ్యయనంలో అల్జైమర్స్ ముప్పును పెంచే జన్యువు ఉన్నవారు, మామూలు జ్ఞాపకశక్తి పరీక్షల్లో ఏ తేడా చూపకపోయినా, ఆటలో నావను నడిపిన దారిలో తేడా చూపారు.

ఎవరూ కోరని మహమ్మారి

ఒక్కోసారి ఏ ఏర్పాటూ లేకుండానే ఆట ప్రయోగశాల అవుతుంది. 2005 సెప్టెంబరులో ‘వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్’ ఆటలో హక్కర్ అనే కొత్త ప్రతినాయకుడు వచ్చాడు. అతనితో తలపడిన ఆటగాళ్ళకు ‘కరప్టెడ్ బ్లడ్’ అనే శాపం తగులుతుంది. దగ్గరున్నవారికి అంటుకుంటుంది. అది ఆ యుద్ధస్థలం దాటకూడదన్నది తయారీదారుల ఉద్దేశం. కానీ ఆటగాళ్ళ పెంపుడు జంతువుల ద్వారా అది నగరాలకు చేరిపోయింది. అంగళ్ళలో నిలబడే పాత్రలు తాము చావకుండా వచ్చినవారికల్లా అంటించాయి. బలం తక్కువైన కొత్త ఆటగాళ్ళు క్షణాల్లో కూలారు. వీధులు ఎముకలతో నిండాయి.

అప్పుడు ఆటగాళ్ళు చేసిన పనులు ఎరిక్ లాఫ్‌గ్రెన్, నీనా ఫెఫర్‌మన్ అనే పరిశోధకులను ఆకర్షించాయి. కొందరు వైద్యం చేయడానికి పరుగెత్తారు, ఆ క్రమంలో తామే జబ్బును మోశారు. కొందరు ఊరు విడిచి పారిపోయారు. కొందరు ఏం జరుగుతోందో చూద్దామని వచ్చి అంటించుకుని వెళ్ళారు. మరికొందరు కావాలనే అంటించారు. 2007లో లాన్సెట్ ఇన్ఫెక్షియస్ డిసీజెస్ పత్రికలో రాసిన వ్యాసంలో, అంటువ్యాధుల గణిత నమూనాల్లో మనుషుల ప్రవర్తనకు చోటు చాలడంలేదని వారు గుర్తుచేశారు. ఆటలో చావు నిజం చావు కాదు కాబట్టి ఆటగాళ్ళు తెగించారన్న అభ్యంతరం సబబే. అయినా పదమూడేళ్ళ తర్వాత కొవిడ్ వచ్చినప్పుడు లక్షణాలు లేకుండా వ్యాధిని మోసేవారు, చూడ్డానికి గుమిగూడేవారు, ఊళ్ళు దాటేవారు అందరూ నిజజీవితంలోనే కనిపించారు.

యంత్రం పైచేయి అయ్యాక

కథ ఇక్కడితో ముగిస్తే అసంపూర్ణం. 2020 చివర్లో హసాబిస్ సంస్థ తయారుచేసిన ‘ఆల్ఫాఫోల్డ్ 2’ ప్రొటీన్ల ఆకారాన్ని అంతకుముందెన్నడూ లేని కచ్చితత్వంతో అంచనా వేసింది. 2022 నాటికి 20 కోట్లకు పైగా ప్రొటీన్ల అంచనాలు అందరికీ ఉచితంగా అందుబాటులోకి వచ్చాయి. ఫోల్డ్‌ఇట్ ఆటగాళ్ళు వారాల తరబడి చేసిన పనిని యంత్రం ఇప్పుడు కాసేపట్లో చేస్తోంది. ఈ యంత్రానికి పునాదుల్లో కూడా ఆటలున్నాయి. కృత్రిమ మేధ లెక్కలు నేడు నడిచే గ్రాఫిక్స్ చిప్‌లు మొదట వృద్ధి చెందింది ఆటల బొమ్మలను వేగంగా గీయడానికే. డీప్‌మైండ్ తొలినాళ్ళలో తన ప్రోగ్రామ్‌లకు శిక్షణ ఇచ్చింది పాత అటారీ వీడియో గేమ్‌ల మీదే.

మరి ఆటగాళ్ళ పని అయిపోయినట్టేనా? ఫోల్డ్‌ఇట్ వేరే దారి పట్టింది. ఉన్న ప్రొటీన్ ఆకారం కనుక్కోవడం తగ్గి, లేనిదాన్ని రూపొందించడం పెరిగింది. ఆల్ఫాఫోల్డ్‌నే ఆటలో ఒక పనిముట్టుగా చేర్చారు. ఆటగాడు తన నమూనా నిజంగా అలా మడతపడుతుందో లేదో దాన్ని అడిగి చూసుకోవచ్చు. నిన్నటి పోటీదారు నేడు తూకంరాయి అయ్యింది.

పరిమితులు కూడా చెప్పుకోవాలి. ప్రతి పరిశోధననూ ఆటగా మార్చలేం. చిన్న ముక్కలుగా విడగొట్టగలిగి, మంచి జవాబుకు స్కోరు ఇవ్వగలిగిన ప్రశ్నలకే ఇది పనికొస్తుంది. ఆడేవారి సమాచారం ఎవరి చేతికి వెళుతుందో వారికి ముందే చెప్పాలి, ఒప్పుకున్నవారిదే తీసుకోవాలి. పేరు, గుర్తింపు ఆటగాళ్ళకూ దక్కాలి. ఆట మీద అదుపు తప్పి చదువు, నిద్ర, పని చెడే స్థితిని ప్రపంచ ఆరోగ్య సంస్థ తన వ్యాధుల పట్టికలో ‘గేమింగ్ డిజార్డర్’ పేరుతో చేర్చింది. 2022 జనవరి నుంచి అది అమల్లో ఉంది. సైన్సు కోసం ఆడినా గంటలు గంటలే.

మన దేశంలో ఇటువంటి ప్రయత్నానికి పునాది లేకపోలేదు. ఆట కాకపోయినా, పుణె సమీపంలోని జీఎంఆర్‌టీ రేడియో టెలిస్కోప్ చిత్రాల్లో అరుదైన గెలాక్సీలను వెతకడానికి ‘రాడ్ ఎట్ హోమ్’ 2013 నుంచి విద్యార్థులకు, ఆసక్తి ఉన్న మామూలు జనానికి శిక్షణ ఇస్తోంది. చేతిలో ఫోను ఉన్న యువత ఎంతమంది ఉన్నారో చూస్తే, పంట తెగుళ్ళ ఫొటోలను వేరుచేసే ఆట, పాత శాసనాల అక్షరాలను పోల్చే ఆట మన భాషల్లో ఎందుకు ఉండకూడదన్న ప్రశ్న వస్తుంది. అందుకు ఆట తయారుచేసేవారు, పరిశోధకులు ఒకే బల్ల దగ్గర కూర్చోవాలి.

అంతవరకు ఆగలేనివారికి ఫోల్డ్‌ఇట్ ఉచితంగానే దొరుకుతుంది, ఇంట్లోని మామూలు కంప్యూటర్‌లో నడుస్తుంది. మొదటి పజిళ్ళు నేర్పడానికే ఉన్నాయి. ఈసారి ఇంట్లో పిల్లలు ‘ఇంకొక్క లెవెల్’ అన్నప్పుడు, ఏ ఆటలో అని ఒకసారి తెర వైపు చూసి అడగవచ్చు.